ఒక పౌండు ప్రొపేన్ బుడ్డి ఇంట్లో నింపుకోవచ్చా, నింపితే మిగిలేదెంత?

మీరడిగింది ఇదీ. మీరు కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటారు. ఏడాదికి నాలుగైదుసార్లు పిల్లలతో, మిత్రులతో కలిసి యోసెమిటీకో టాహో వైపుకో క్యాంపింగ్‌కి వెళ్తారు. వెళ్లినప్పుడల్లా రెండు మూడు ఒక పౌండు ప్రొపేన్ సిలిండర్లు, అవే ఆ ఆకుపచ్చ బుడ్లు, ఖాళీ అవుతున్నాయి. గ్యారేజీలో ఖాళీవి డజను పోగుపడ్డాయి. గ్రిల్లు కోసం కొన్న 20 పౌండ్ల గ్యాస్ బండ పెరట్లో ఎలాగూ ఉంది. దాన్ని తలకిందులు చేసి, ఆన్‌లైన్‌లో కొన్న ఇత్తడి అడాప్టర్ బిగించి ఈ బుడ్లు నింపుకుంటే ప్రమాదమా, ఏమైనా మిగులుతుందా అని. మీ స్నేహితుడు ఎప్పటినుంచో అలాగే చేస్తున్నాడు, మీ ఆవిడ మాత్రం వద్దంటున్నారు.

మీ ఆవిడ మాట వినండి. ఆ బుడ్లు నింపొద్దు. మీరు మిగుల్చుకోవాలనుకుంటున్న డబ్బు ఇంకో పద్ధతిలో కూడా మిగులుతుంది, దానికి కావలసిన సరంజామా సగం మీ ఇంట్లోనే ఉంది. అది చివర్లో చెప్తాను. ముందు కారణాలు కాస్త విడమరిచి చెప్పాలి. ‘ప్రమాదం, చేయకండి’ అని రెండు ముక్కల్లో తేల్చేస్తే, మీ స్నేహితుడికి ఇన్నాళ్లూ ఏమీ కాలేదన్న మాటే మీకు గట్టిగా వినిపిస్తుంది. నేను విశాఖలో ఎల్పీజీ బాట్లింగ్ ప్లాంటులో పనిచేసి వచ్చినవాణ్ని. ఇక్కడ కూడా ప్రొపేన్ డీలరు దగ్గర సిలిండర్లు నింపే పనిలోనే ఉన్నాను. రోజూ చేత్తో పట్టుకునే సరుకు కాబట్టి ఎక్కడ తేడా వస్తుందో తెలిసి చెప్తున్నాను.

ఆ బుడ్డి ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి. ప్లాస్టిక్ మూత తీస్తే స్టౌకి బిగించే మర మధ్యలో చిన్న పిన్ను కనిపిస్తుంది. కారు టైరు వాల్వులో ఉండే పిన్ను లాంటిదే. స్టౌ బిగిస్తే అది లోపలికి నొక్కుకుని గ్యాస్ వస్తుంది. విప్పితే స్ప్రింగు దాన్ని వెనక్కి తోసి రబ్బరు సీలు మీద కూర్చోబెడుతుంది. దాని పక్కనే భుజం మీద ఇంకో చిన్న వాల్వు ఉంటుంది. అది సేఫ్టీ వాల్వు. లోపల ఒత్తిడి హద్దు దాటితే అది తెరుచుకుని గ్యాస్‌ను బయటికి వదిలేస్తుంది. బుడ్డిలో ఉన్న యంత్రాంగమంతా ఇంతే. ఎంత నిండిందో చెప్పేది, ఎక్కువైతే ఆపేది ఏదీ లేదు.

మీ గ్రిల్లు బండకి ఆ ఏర్పాటు ఉంది. మూడు మూలల పిడి ఉన్న వాల్వు చూసే ఉంటారు. దాని లోపల ద్రవం మీద తేలే బెండు ఒకటి ఉంటుంది. 80 శాతం నిండగానే అది లేచి దారి మూసేస్తుంది. పక్కన చిన్న స్క్రూ కూడా ఉంటుంది. నింపేటప్పుడు దాన్ని వదులు చేసి ఉంచుతాం, ద్రవం 80 శాతానికి చేరగానే అక్కడినుంచి తెల్లటి తుంపర వస్తుంది, వెంటనే ఆపేస్తాం. 4 నుంచి 40 పౌండ్ల సిలిండర్లకు ఆ ఆపే వాల్వు తప్పనిసరి. అది లేని పాత బండలను 2002 ఏప్రిల్ నుంచి నింపకూడదని నియమం వచ్చింది. ఒక పౌండు బుడ్డి ఈ లెక్కలోకి రాదు, ఎందుకంటే దాన్ని మళ్లీ నింపుతారని ఎవరూ అనుకోలేదు. దాని మీద ‘డాట్ 39’ అని ముద్ర ఉంటుంది. అమెరికా రవాణా శాఖ (డాట్) ప్రమాణాల్లో అది ఒకసారి నింపి, వాడి, పారేసే రకం. ఫ్యాక్టరీలో తూకం చూసి నింపుతారు, ఆ ఒక్కసారితో దాని పని అయిపోతుంది.

ఈ 80 శాతం గొడవ ఎందుకంటారా, అసలు ప్రమాదమంతా అక్కడే ఉంది. బుడ్డిలో ప్రొపేన్ ద్రవంగా ఉంటుంది. వేడెక్కితే ఆ ద్రవం నీళ్లకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా వ్యాకోచిస్తుంది. బుడ్డి లోపల చోటు సుమారు 1.1 లీటర్లు. ఫ్యాక్టరీ దాన్లో 16 ఔన్సులు, అంటే దాదాపు 454 గ్రాములు పోస్తుంది. ఆ 454 గ్రాములు 15 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు 0.89 లీటరు ఆక్రమిస్తాయి. 40 డిగ్రీలకు 0.97 లీటరు. 55 డిగ్రీలకు 1.04 లీటర్లు. చూశారా, ఎండలో వదిలేసిన కారు డిక్కీలో కూడా కాస్త ఖాళీ మిగిలేలా లెక్క కట్టారు. ఆ కాస్త ఖాళీయే మీకు రక్ష. అందులో ఆవిరి ఉంటుంది. ఆవిరి నలిగి మళ్లీ ద్రవంలో కలుస్తుంది కాబట్టి ఒత్తిడి మెల్లగానే పెరుగుతుంది: 21 డిగ్రీల దగ్గర చదరపు అంగుళానికి 110 పౌండ్ల చొప్పున, 38 డిగ్రీలకు 170, 54 డిగ్రీలకు 255 చొప్పున. బుడ్డి ఇవన్నీ తట్టుకుంటుంది.

ఖాళీ లేకుండా అంచు దాకా ద్రవమే నిండితే ఈ లెక్కలేవీ పనిచేయవు. ద్రవం నలగదు. ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కినా వ్యాకోచించడానికి చోటు లేక గోడను తోస్తుంది, ఒత్తిడి ఒక్కసారిగా పైకి పోతుంది.

ఇంట్లో నింపితే అంచు దాకా ఎందుకు నిండుతుందని అడుగుతారు. నిజానికి మామూలుగా అయితే నిండదు. పై బండ, కింద బుడ్డి ఒకే వేడిలో ఉంటే రెండింట్లో ఒత్తిడి సమానమైపోయి, ద్రవం దిగడం ఆగిపోతుంది. సగమో, సగంకంటే తక్కువో నిండి ఊరుకుంటుంది. అక్కడే జనం తెలివి వాడతారు. వీడియోల్లో చూపించేది అదే: బుడ్డిని రాత్రంతా ఫ్రీజర్లో పెట్టమంటారు. చల్లబడిన బుడ్డిలో ఒత్తిడి బాగా పడిపోతుంది, ఎండలో ఉన్న బండలోంచి ద్రవం జోరుగా దిగుతుంది. ఇంకా నిండకపోతే పట్టకారుతో సేఫ్టీ వాల్వు పిన్ను లాగి లోపలి ఆవిరి వదిలేయమంటారు. ఈ రెండూ కలిస్తే బుడ్డి ఎంత నిండుతుందో మీ చేతిలో ఉండదు. చలికి ప్రొపేన్ చిక్కబడుతుంది కూడా. ఫ్రీజరు చల్లదనం, అంటే మైనస్ 18 దగ్గర లీటరు ప్రొపేన్ 550 గ్రాములు తూగుతుంది. 1.1 లీటర్ల బుడ్డి ఆ చలిలో అంచు దాకా నిండితే 600 గ్రాములు పట్టేస్తుంది. అదే 600 గ్రాములకు మామూలు 15 డిగ్రీల వేళ దాదాపు 1.18 లీటర్ల చోటు కావాలి. బుడ్డిలో అంత చోటు లేదు. ఎండ అక్కర్లేదు, గ్యారేజీలో నీడపట్టున పెట్టినా గంటా రెండు గంటల్లో హద్దు దాటుతుంది.

అప్పుడు సేఫ్టీ వాల్వు తెరుచుకోవాలి. తెరుచుకుంటే గ్యాస్ బయటికి చిమ్ముతుంది. తుప్పో మట్టో పట్టి బిగుసుకుపోయి ఉంటే పల్చటి గోడ మీద భారం పడుతుంది. పట్టకారుతో ఒకసారి లాగిన వాల్వయితే రెండు రకాలా నమ్మకం లేదు: తెరుచుకోవలసినప్పుడు తెరుచుకుంటుందో లేదో, మూసుకోవలసినప్పుడు మూసుకుంటుందో లేదో.

బుడ్డి చీలిపోవడం అరుదు. నేను ఎక్కువగా భయపడేది లీకుకి. మధ్యలో ఉన్న పిన్ను, దాని కింది రబ్బరు సీలు ఫ్యాక్టరీలో ఒకసారి ద్రవం లోపలికి వెళ్లడానికి, తర్వాత ఆవిరి మెల్లగా బయటికి రావడానికి చేసినవి. మీ అడాప్టర్‌లోంచి ద్రవం వేగంగా దూసుకెళ్లేటప్పుడు బండ అడుగున పేరుకున్న జిడ్డు, తుప్పు నలుసులు దాంతోపాటు వస్తాయి. తలకిందులు చేశారు కదా, అడుగున ఉన్నదంతా మొదట అక్కడికే వస్తుంది. ఇసుక రేణువంత నలుసు సీలు మీద ఇరుక్కున్నా పిన్ను పూర్తిగా కూర్చోదు. పైకి చూస్తే ఏమీ తెలియదు. సబ్బునీళ్లు రాసి ఒక నిమిషం చూస్తే మాత్రం ఆ మర మధ్యలో చిన్న బుడగ ఒకటి ఉబ్బుతూ కనిపిస్తుంది. పగులుతుంది, మళ్లీ ఉబ్బుతుంది. బుడ్లు నింపుకొచ్చి స్టౌ సరిగా వెలగడం లేదని మా దగ్గరికి వచ్చేవాళ్ల చేతిలో ఇలాంటివి చూస్తుంటాను. వాళ్లకి అది లీకవుతోందని తెలియదు, వాసన రాలేదంటారు. బయట గాలికి రాదు, నిజమే.

ఆ లీకు గ్యారేజీలో జరిగితే ఏమవుతుందో చూడండి. ప్రొపేన్ గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు. పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది. ఒక బుడ్డిలో ఉన్న ద్రవమంతా ఆవిరైతే దాదాపు 250 లీటర్ల గ్యాస్. గాలిలో 2.1 శాతం కలిస్తే చాలు, అంటుకోవడానికి సిద్ధం. అంటే ఒక్క బుడ్డి గ్యాస్ సుమారు 12 ఘనపు మీటర్ల గాలిని, అంటే ఒక చిన్న గది గాలిని, నిప్పంటుకునేలా చేయగలదు. కారు లోపలి చోటు అందులో మూడో వంతు కూడా ఉండదు. ఇక్కడి ఇళ్లలో వాటర్ హీటరు చాలావరకు గ్యారేజీలోనే ఉంటుంది, గ్యాసుదైతే కింద మంట వెలుగుతూనో, ఎప్పుడంటే అప్పుడు వెలగడానికి సిద్ధంగానో ఉంటుంది. గ్యారేజీలో హీటరును 18 అంగుళాల ఎత్తు దిమ్మ మీద ఎందుకు పెడతారో ఎప్పుడైనా గమనించారా? నేల మీద పరుచుకునే ఆవిర్లు మంటకి చేరకూడదనే. మీ డజను బుడ్లు ఆ దిమ్మ పక్కనే అరలో ఉన్నాయేమో ఒకసారి చూసుకోండి.

చేతుల సంగతీ చెప్పాలి. నింపి అడాప్టర్ విప్పేటప్పుడు మధ్యలో మిగిలిన ద్రవం ఒక్కసారిగా బయటికి చిమ్ముతుంది. ప్రొపేన్ మరిగేది మైనస్ 42 డిగ్రీల దగ్గర. చర్మం మీద పడితే కాలినట్టే బొబ్బలెక్కుతుంది. అందుకే మేము గ్లవ్స్ లేకుండా ఏ సిలిండరూ ముట్టుకోం.

ఇక చట్టం. బుడ్డి మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది చూడండి: మళ్లీ నింపినదాన్ని రవాణా చేయడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది, 5 లక్షల డాలర్ల దాకా జరిమానా, 5 ఏళ్ల దాకా జైలు అని. మీ స్నేహితుడు దీన్ని పట్టుకునే వాదిస్తాడు. ‘రవాణా చేయొద్దన్నారు, నింపొద్దనలేదు. పైగా అది వ్యాపారులకు’ అంటాడు. ఆ నియమం వ్యాపార రవాణాను దృష్టిలో పెట్టుకుని రాసిందన్న మాట నిజమే. సొంత కారులో క్యాంపింగ్‌కి వెళ్తుంటే పోలీసు ఆపి పట్టుకుంటాడని నేను బెదిరించను. అయితే ప్రొపేన్ పనివాళ్లందరికీ ప్రమాణమైన ఎన్‌ఎఫ్‌పీఏ (అమెరికా జాతీయ అగ్నిప్రమాద రక్షణ సంఘం) 58 నియమావళి ఉంది. ఒకసారి వాడి పారేసే సిలిండర్లను మళ్లీ నింపకూడదని అందులో నేరుగానే ఉంది, చాలా రాష్ట్రాలు దాన్నే తమ చట్టంలో కలుపుకున్నాయి. అందుకే ఏ డీలరు దగ్గరికి తీసుకెళ్లినా నింపరు. రేపు ఏదైనా జరిగి ఇన్సూరెన్స్ వాళ్లు వస్తే మొదట అడిగేది కూడా ఇదే.

మీరు ఇంకో మాట రాశారు: అమీర్‌పేటలో బ్యాచిలర్‌గా ఉన్నప్పుడు చిన్న సిలిండరు పట్టుకెళ్తే కిలో లెక్కన నింపి ఇచ్చేవాళ్లు, అప్పుడేమీ కాలేదు కదా అని. ఆ రోజులు నాకూ తెలుసు. రెండు తేడాలు గుర్తుపెట్టుకోండి. ఒకటి, ఆ చిన్న సిలిండర్లు మళ్లీ మళ్లీ నింపడానికే చేసినవి, గోడ మందం ఎక్కువ. రెండు, మన వంటగ్యాస్ ప్రొపేన్, బ్యూటేన్ కలిసినది. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే మరుగుతుంది కాబట్టి దాని ఒత్తిడి చాలా తక్కువ. ఇక్కడ అమ్మేది దాదాపు అంతా ప్రొపేనే, అదే ఎండకి దీని ఒత్తిడి చాలా ఎక్కువ. అక్కడి అనుభవం ఇక్కడికి సరిపోదు. పైగా అక్కడ కూడా ఇంటి బండలోంచి చిన్న సిలిండర్లలోకి ఎక్కించే దుకాణాలు చట్టవిరుద్ధమే. ఇరుకు సందుల్లో, కింద కొట్టు, పైన హాస్టలు ఉన్నచోట అలా గ్యాస్ ఎక్కించడం తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండె ఝల్లుమంటుంది. మీ తమ్ముడో, బావమరిదో ఇప్పుడు హైదరాబాద్‌లో గదిలో ఉండి చదువుకుంటుంటే 5 కిలోల ఛోటూ సిలిండరు తీసుకోమని చెప్పండి. చిరునామా రుజువు అక్కర్లేదు, గుర్తింపు కార్డు చూపిస్తే ఇస్తారు.

సరే, డబ్బు లెక్కకి వద్దాం. ధరలు ఊరికీ ఊరికీ మారతాయి. మా వైపు ఒక పౌండు బుడ్డి 5, 6 డాలర్లు పడుతోంది. డీలరు దగ్గర గ్యాలన్ ప్రొపేన్ 4 డాలర్లనుకుందాం. గ్యాలన్ అంటే 4.2 పౌండ్లు. అంటే బుడ్డిలో ఉన్న గ్యాస్ విలువ డాలరు కూడా లేదు, మిగతాదంతా ఇనుము, రంగు, రవాణా, దుకాణం లాభం. మీకు కోపం రావడం న్యాయమే. ఏడాదికి డజను బుడ్లు వాడితే 50, 60 డాలర్లు మిగుల్చుకోవచ్చని మీ ఆశ. బుడ్లు సగం సగమే నిండితే ఆ మిగులూ తగ్గుతుంది, లీకైపోయినవి తీసేస్తే ఇంకా తగ్గుతుంది.

అదే డబ్బు మిగలడానికి గ్యాస్‌ను బండలోంచి బుడ్డిలోకి, బుడ్డిలోంచి స్టౌలోకి పంపడం ఎందుకు? బండలోంచి నేరుగా స్టౌలోకి పంపండి. ఒక చివర 20 పౌండ్ల బండకి, రెండో చివర మీ స్టౌ రెగ్యులేటర్‌కి బిగిసే ప్రొపేన్ గొట్టం ఐదారు అడుగులది 20, 25 డాలర్లకు దొరుకుతుంది. బుడ్డి బిగించే మర ఎలా ఉంటుందో ఆ గొట్టం చివర కూడా అలాగే ఉంటుంది. రెండు మూడు ట్రిప్పుల్లో దాని ఖరీదు తిరిగి వచ్చేస్తుంది. కొనేటప్పుడు ఒక్క విషయం చూసుకోండి. మీ గ్రిల్లు గొట్టానికి గుండ్రటి రెగ్యులేటర్ ఉంటుంది, దాన్ని పీకి ఈ స్టౌకి పెట్టకండి. కోల్‌మన్ కంపెనీ లాంటి క్యాంపింగ్ స్టౌకి తన రెగ్యులేటర్ తనకే ఉంది, దానికి రెగ్యులేటర్ లేని హై ప్రెషర్ గొట్టం కావాలి. రెండు రెగ్యులేటర్లు ఒకదాని వెనక ఒకటి పెడితే మంట నీరసంగా వస్తుంది. అప్పుడు జనం అక్కడా ఇక్కడా విప్పి చూడటం మొదలుపెడతారు.

గొట్టంతో ఇంకో లాభం కూడా ఉంది. మీరు ఇరవైమందికి బిర్యానీ వండుతామన్నారు. ఆ స్టౌకి రెండు బర్నర్లు, ఒక్కోటి గంటకు 10,000 బీటీయూ (వేడిని కొలిచే లెక్క). పౌండు ప్రొపేన్‌లో ఉన్నది 21,600 బీటీయూ. రెండూ నిండుగా వెలిగిస్తే గంటకే బుడ్డి ఖాళీ, దమ్ సగంలో ఉండగా మార్చాలి. పెద్ద గిన్నె స్టౌ అంచు దాటి బయటికి వస్తే దాని వేడి పక్కనే వేలాడే బుడ్డి మీద పడుతుంది, అది అసలే వద్దు. బండ అయితే ఐదడుగుల దూరంలో, నీడలో, నేల మీద నిటారుగా నిలబడి ఉంటుంది. నిజం చెప్పాలంటే ఇరవైమంది వంటకి ఆ స్టౌ చిన్నది. కాళ్లున్న పెద్ద బర్నరు తీసుకోండి, అది కూడా ఇదే బండతో నడుస్తుంది.

బండ బరువనిపిస్తే, నిండితే 17 కిలోలు ఉంటుంది మరి, 5 పౌండ్ల సిలిండరు కొనండి. ఆపే వాల్వు ఉంటుంది, డీలరు నింపుతాడు, ఐదు బుడ్ల గ్యాస్ పడుతుంది, నిండినా ఐదారు కిలోలే. కొత్తది మా వైపు 60 నుంచి 80 డాలర్ల దాకా ఉంది. మీ వాడకానికి రెండేళ్ల లోపు ఖర్చు తిరిగి వస్తుంది. ఖాళీ బండ ఇచ్చి నిండుది తీసుకునే చోట మాత్రం చూసుకోండి. 20 పౌండ్ల బండలో వాళ్లు సాధారణంగా 15 పౌండ్లే పోస్తారు. డీలరు దగ్గర నింపించుకుంటే పోసినదానికే డబ్బిస్తారు.

చేతిలో పట్టే బుడ్డే కావాలి, లాంతరుకీ చిన్న హీటరుకీ అదే సౌకర్యమంటే దానికీ దారి ఉంది. మళ్లీ మళ్లీ నింపడానికే తయారుచేసిన ఒక పౌండు సిలిండర్లు వస్తున్నాయి. ఫ్లేమ్ కింగ్ అనే కంపెనీవి ఉన్నాయి, కాలిఫోర్నియాలో లిటిల్ క్యాంపర్ పేరుతో ఉన్నాయి. గోడ మందంగా ఉంటుంది, బరువు తెలుస్తుంది. ముఖ్యంగా 80 శాతం దగ్గర తుంపర వచ్చే చిన్న స్క్రూ ఉంటుంది. కొన్నిచోట్ల డీలర్లే నింపి ఇస్తారు, ఖాళీది ఇస్తే నిండుది ఇచ్చే దుకాణాలూ ఉన్నాయి. ఇంట్లో నింపుకోవడానికి కంపెనీ ఇచ్చే కిట్‌తో, దాని సూచనల ప్రకారం, ఆరుబయట, నిప్పుకి దూరంగా నింపుకోవచ్చు. ఫ్రీజర్ ప్రయోగం దీనికి కూడా వద్దు. నింపాక వంటింటి తూకం మీద పెట్టి చూడండి. ఖాళీ బరువు మీద 16 ఔన్సులకంటే ఎక్కువ చూపిస్తే ఆరుబయటే ఆ ఎక్కువ వాడేయండి. ఎలాగూ మీరున్న రాష్ట్రంలో ఈ మార్పు తప్పదు. 2022లో కాలిఫోర్నియా ఎస్‌బీ 1280 చట్టం చేసింది. 2028 జనవరి 1 నుంచి వాడి పారేసే ఒక పౌండు ప్రొపేన్ బుడ్ల అమ్మకం అక్కడ ఆగిపోతుంది. యోసెమిటీలో ఏటా వేలకొద్దీ ఖాళీ బుడ్లు పోగుపడుతుంటే, వాటిని ఏరి, లోపల మిగిలిన గ్యాస్ తీసి, ఇనుముకి పంపడానికి బుడ్డి ధరకంటే ఎక్కువ ఖర్చవుతుంటే ఎవరో ఒకరు ఈ పని చేయాల్సిందే. నాకు ఆ చట్టం నచ్చింది.

మీ స్నేహితుడి దగ్గర ఇప్పటికే నింపినవి ఉండి ఉంటాయి. అతనికి ఇది చెప్పండి. ఇంట్లో, గ్యారేజీలో, కారులో ఉంచకుండా ఆరుబయట నీడకి తీసుకురమ్మనండి. అదే కంపెనీ ఖాళీ బుడ్డి ఒకటి తూచి, నిండినది తూచి, తేడా చూడమనండి. 16 ఔన్సులు దాటిందంటే అది ఎండకి ఆగదు. ఆలస్యం చేయకుండా, చల్లని పూట, ఆరుబయటే స్టౌకి బిగించి మంట పెట్టి తగ్గించాలి. సబ్బునీళ్లు బిగించే మర మధ్యలో, సేఫ్టీ వాల్వు మీద రెండుచోట్లా రాయాలి. బుడగ వస్తే స్టౌకి బిగించే ప్రయత్నం చేయకుండా ఇంటికి, కార్లకి, డ్రైనేజీ మూతలకి దూరంగా నిటారుగా పెట్టి, పిల్లల్ని అటు వెళ్లనీయకుండా, అగ్నిమాపక శాఖ అత్యవసరం కాని నంబరుకి ఫోన్ చేయడం మంచిది. ఇత్తడి మూత బిగిస్తే లీకు ఆగుతుందని కొందరంటారు. మధ్య పిన్ను లీకుకి అది కాస్త పనిచేయొచ్చు, సేఫ్టీ వాల్వుని అది అసలు ముట్టుకోదు.

మీ గ్యారేజీలో ఉన్న డజను ఖాళీలకి వస్తే, ఒక్కొక్కటీ స్టౌకి బిగించి మంట దానంతట అదే ఆరిపోయేదాకా వెలిగించండి. కోల్‌మన్ ‘గ్రీన్ కీ’ అనే చిన్న ప్లాస్టిక్ తాళం దొరికితే, మంట ఆరిపోయిన తర్వాత మిగిలిన గ్యాస్‌ను దాంతో ఆరుబయట వదిలించవచ్చు. మేకుతోనో డ్రిల్లుతోనో కన్నం పెట్టకండి. ఇంటి ముందు చెత్త డబ్బాలో, రీసైకిల్ డబ్బాలో వేయకండి. చెత్త లారీలో అణిచే యంత్రం కింద పడితే దగ్గరున్న కార్మికుడికి దెబ్బ తగులుతుంది. మీ కౌంటీలో ఇంటి ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే కేంద్రం ఉంటుంది, ముందుగా సమయం తీసుకుని అక్కడ ఇచ్చేయండి.

ఇంకొకటి, మీరు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. చలికి గుడారంలో హీటరు, వానకి గుడారంలో దోసెలు, రెండూ వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలో ఉన్నవాళ్లకి తెలియదు.

మీ స్టౌ మోడల్ ఏదో, దాని రెగ్యులేటర్ ఫొటో ఒకటి పెట్టండి. పాత మోడళ్లలో కొన్నిటికి మర దగ్గర తేడా ఉంటుంది. ఏ గొట్టం సరిపోతుందో చూసి చెప్తాను. ఇత్తడి అడాప్టర్ తిరిగి పంపే గడువు ఇంకా ఉంటే ఈలోగా పంపేయండి.